బానెట్ కింద తల

ముందుగా నా తప్పులు మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది యాభై అయిదో ఏట. ఒక చోట పడాల్సిన ఒత్తు ఇంకో చోట పడుతుంది. ఒక పేజీ రాయడానికి నాకు పట్టే పూటలో కారు వైరింగంతా విప్పి మళ్ళీ కట్టగలను. అయినా ఇది నోటితో చెప్పే సంగతి కాదు. చెప్పబోతే మధ్యలో అరుస్తాను. "నేను" అని మొదలుపెడితే కలం కదల్లేదు. అందుకని "ఆమె" అని రాశాను.

సోమవారం పదకొండు గంటలకి ఆ కారు అరుచుకుంటూనే ఆమె షెడ్డులోకి వచ్చింది.

వీధిలో వరసగా ఉన్న ఏడు షెడ్లలోంచీ తలలు బయటికొచ్చాయి. పాత కారు. పై రంగు పొలుసులుగా లేచింది. ముందు బంపరుని తీగతో కట్టి ఉంచారు. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, స్టీరింగు వెనక ఉన్న ముసలాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నిదానంగా బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, అద్దంలో జుట్టు సర్దుకుని దిగాడు. ఆయన తలుపు వేసిన ఊపుకి సైరన్ తనంతట తానే ఆగిపోయింది.

"బండికి గొంతు బాగానే ఉంది కదా తాతా, మందెందుకు?" అని పంక్చర్ల వాడు అరిచాడు. అందరూ నవ్వారు. ముసలాయన అటు తిరిగి చూడను కూడా లేదు.

ఆమె స్టార్టర్ మోటారు విప్పుతోంది. కారు నంబరు చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టింది. మళ్ళీ చూసింది. అక్షరాలు రాని రోజుల్లో కూడా ఆమెకి అంకెలు వచ్చు. ఆ నాలుగంకెలూ పన్నెండేళ్ళుగా నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

అప్పటి బ్యాంకు మేనేజరే. మనిషి వంగిపోయాడు, జుట్టు పలచబడింది, కానీ ఆ గడ్డం, ఆ నడక అవే.

"ఏంటి సంగతి?" అంది దగ్గరికెళ్ళి.

అతను ఆమె మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. జవాబివ్వకుండా జేబులోంచి ఒక మడత కాగితం తీసి చేతిలో పెట్టాడు. "ఇదీ సంగతి!" అన్నాడు, వీధంతా వినపడేలా.

ఆమె కూడబలుక్కుని చదివింది. "మీ కారు అరుపులకి పసిపిల్లలు పడుకోవడం లేదు. ఈ వారంలో బాగు చేయించండి. లేకపోతే అద్దాలు మిగలవు. ఇట్లు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు."

"వాళ్ళు కాగితం పెట్టేదాకా మీకు తెలియలేదా?" అంది. అతను అప్పటికే మొహం తిప్పేసుకుని బానెట్ వైపు నడుస్తున్నాడు. మాట పూర్తి కాకుండానే వీపు చూపించాడు. పొగరు ఎక్కడికీ పోలేదు, అనుకుంది.

"ఇంత పాత బండిని ఎవరూ ముట్టుకోవట్లేదమ్మా! ఒకడు బ్యాటరీ వైరు పీకాడు. అయినా అరిచిందట! స్పానరు పారేసి పరిగెత్తాడు!" అని పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు వినగానే ఆమె పళ్ళు బిగుసుకున్నాయి. "మూడు రోజులు పడుతుంది. రోజూ వచ్చి దగ్గరుండాలి," అని మూడు వేళ్ళు చూపించింది.

దగ్గరుండాలని ఇంకే బండి యజమానికీ ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

అతను వెళ్ళాక పక్క షెడ్డులో సొట్టలు తీసి డెంటింగు చేసే మరిది వచ్చాడు. అతన్ని అందరూ సుత్తి అంటారు. పనిముట్టుని బట్టి కొంత, మాటల ధాటిని బట్టి కొంత. ఆ వేళ మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, తడిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకి పుట్టీ లేదు. అయినా తుడుచుకున్నాడు.

"వదినా, ఇది మనవల్ల కాదని చెప్పి పంపేయ్."

"ఎందుకవ్వదు?"

"సైరన్ కొత్తది పెట్టించుకోమను. బజార్లో బోలెడు. పాత దరిద్రం నీకెందుకు?"

"నాకు పాతదే కావాలి," అంది. "వాడు నన్ను గుర్తు కూడా పట్టలేదు చూశావా? మీ అన్న తల బానెట్ కింద ఉండగా, సైరన్‌కి ఆయన చెవికీ జానెడు దూరం లేనప్పుడు, సరదాకి బటన్ నొక్కాడు. నొక్కి నవ్వాడు, మీ అన్నే చెప్పాడు నాకు. ఆయన చెవులు పోయి, ఎనిమిదేళ్ళకి వెనకొచ్చే లారీ హారన్ వినపడక దాని కింద పడి పోయాడు. వీడు జుట్టు సర్దుకుంటూ వచ్చాడు."

"ముసలాడైపోయాడు వదినా."

"మీ అన్న అవ్వలేదుగా ముసలాడు."

మరిది తన షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ రేకు మీద పడితే ఇంకో దెబ్బ పక్కన పడుతోంది.

మంగళవారం మేనేజరు మడత స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. ఆమె పని చేస్తున్నంతసేపూ ఆమె నోటి వైపే చూశాడు. "ఆడదాని చేతిలో బండి పెట్టానే అని భయమేమో," అంది టీ తెచ్చిన పంక్చర్ల వాడితో. "లేక ఈ వయసులో ఏమైనా..." అన్నాడు వాడు. "నీ నోట్లో మేకు గుచ్చ," అని గ్లాసు లాక్కుంది.

పని మాత్రం పనిలాగే చేసింది. ముందు నాలుగు తలుపుల స్విచ్‌లూ ఒక్కొక్కటే తీసి మీటరు పెట్టి చూసింది. తలుపు మూసినా తెరిచే ఉందని చెప్పే స్విచ్ ఉంటే అలారానికి దొంగ వచ్చినట్టే లెక్క. నాలుగూ బాగున్నాయి. డిక్కీది చూసింది. బాగుంది. అదురు పట్టే సెన్సారు ప్లగ్గు లాగేసి కారుని ఎండలో నిలబెట్టింది. పన్నెండున్నరకి, బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక, కారు మళ్ళీ అరిచింది. సెన్సారుకీ సంబంధం లేదన్నమాట.

మేనేజరు స్టూలు మీద కదల్లేదు. పేపరు తిరగేశాడు. పక్క షెడ్డువాళ్ళు చెవులు మూసుకుని తిడుతుంటే, ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదు. కొందరికి సిగ్గు కూడా తోలు మందంగా పుడుతుంది, అనుకుంది ఆమె.

తర్వాత బానెట్ లేపి, ఎడమ మూలన లోపలికి వంగి, సైరన్ డబ్బా అంచుల మీద వేలు రాసి చూసింది. వేలికి తెల్లటి పొడి అంటింది, మధ్యమధ్య పచ్చగా. వాసన చూసింది. తెలిసిపోయింది. ఇలాంటి సైరన్‌కి లోపల సొంత బ్యాటరీ ఉంటుంది, దొంగ కారు బ్యాటరీ పీకేసినా మోగడానికి. ఏళ్ళు గడిచి ఆ చిన్న బ్యాటరీ కారిపోయి, లోపలి సర్క్యూట్ పలకని తినేసింది. ఎండకి రేకు వేడెక్కినప్పుడల్లా, కరెంటు ఎవరో కోసేశారనుకుని అరుస్తోంది. విప్పి, కడిగి, రెండు చోట్ల టంకం పెట్టి, కొత్త బ్యాటరీ వేస్తే గంట పని.

ఈ విద్య ఆమెకి మొగుడి పక్కన నిలబడి వచ్చింది. ఆ సంఘటన తర్వాత ఎనిమిదేళ్ళు ఆమే ఆయన చెవులు. ఆయన, కరెంటందితే టిక్కుమనే రిలే పెట్టి ఆమె మొహం చూసేవాడు. అది పడితే ఆమె పెదాలతో "టిక్" అనేది. వీధి ఆమెకి టిక్కమ్మ అని పేరు పెట్టింది అందుకే.

వేలికంటిన పొడిని చీర చెంగుకి తుడుచుకుని, మేనేజరు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకా దొరకలేదన్నట్టు. "రేపు," అంది.

"రేపా? సరే సరే! నువ్వు జాగ్రత్తగా చేస్తావని అనిపిస్తోందమ్మా!" అని అరిచి స్టూలు మడుచుకున్నాడు.

ఆ పూట మరిది ఇంట్లో తోటికోడలు కంచం పెడితే నాలుగు ముద్దలు తిని లేచింది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆమె తిండి, పడక అక్కడే. "ఒంట్లో బాలేదా అక్కా?" అంది తోటికోడలు. "చాలా బాగుంది," అంది ఆమె. నిజంగానే బాగుంది. ఎన్నాళ్ళ నుంచో అంత బాగా లేదు. మరిది మాత్రం కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ, "రేపు నేనే ఆ సైరన్ పీకి అవతల పారేస్తా," అన్నాడు. "నా బండి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది ఆమె.

బుధవారం పదింటికి అంతా సిద్ధం చేసుకుంది. బానెట్ లేపింది. బానెట్ అంచున, అది తెరిచారో మూశారో కనిపెట్టే చిన్న పుల్లలాంటి స్విచ్ ఉంటుంది. దాన్ని ఎడమ చూపుడు వేలితో అదిమి పట్టుకుంది. కుడి చేత్తో రిమోట్ నొక్కింది. లైట్లు రెండుసార్లు మిణుకుమని, అలారం కాపలాకి కూర్చుంది. ఇక వేలు తీస్తే చాలు.

"ఇలా రండి సారూ," అని తలతో పిలిచింది. సైరన్‌ని, ఆయన చెవిని మార్చి మార్చి చూపించింది. "లోపల చర్రుమని చిన్న చప్పుడొస్తోంది. మీరూ వినండి. చెవి బాగా ఆనించి."

అతను ఆమె పెదాలు చూసి, చెవి చూసుకుని, అర్థమైనట్టు తలూపాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, రెండు చేతులూ రేడియేటరు మీద ఆనించి, నెమ్మదిగా వంగాడు. నడుము నొప్పికి "అబ్బా" అన్నాడు. చెవిని సైరన్ మూతికి ఆనించాడు. ఆ చెవి వెనక చర్మం ముడతలు పడి, పసిపిల్లవాడి చెవిలా పలచగా ఉంది. ఆమె దాన్ని చూడకుండా ఉండాలనుకుంది. చూసింది. చూసే వేలు తీసింది.

సైరన్ మోగింది.

వీధిలో ఎవరి చేతిలోంచో ఇనుప రాడ్డు జారిపడింది. ఆమె చెవుల్లో సూదులు దిగాయి. మేనేజరు వంగిన వాడు వంగినట్టే ఉన్నాడు. చెవి తియ్యలేదు. కళ్ళు పైకెత్తి ఆమె మొహం చూస్తూ, శ్రద్ధగా, బడిపిల్లవాడిలా ఎదురుచూస్తున్నాడు.

"చెంపకి ఏదో జివ్వుమంటోందమ్మా!" అన్నాడు. "మోగుతోందా?"

ఆమె రిమోట్ నొక్కి ఆపింది.

అప్పుడర్థమైంది. మూడు రోజులు ఆ మనిషి ఆమె నోరు చూశాడు. మాట మధ్యలో వీపు తిప్పాడు. గట్టిగా అరిచి మాట్లాడాడు. చెవిటి మొగుడితో ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి, ఎదురుగా ఉన్న చెవిటివాడు కనపడలేదు. కోపం కళ్ళల్లోనే కూర్చుంది మరి.

"రెండేళ్ళయిందమ్మా!" అన్నాడతను నడుము నిటారు చేసుకుంటూ. "రెండు చెవులూ పోయాయి! మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ కారు అరిస్తే భుజం తట్టి చెప్పేది! ఇప్పుడు కాగితాలు పెడితే తెలుస్తోంది!"

కొట్టబోయిన చెయ్యి గాల్లో తిరిగొచ్చినట్టయింది ఆమెకి. జాలి రాలేదు. వచ్చుంటే బాగుండేదేమో. పన్నెండేళ్ళు దాచుకున్నది చెవిటివాడి దగ్గర ఖర్చయిపోయిందని ఒళ్ళు మండింది. కనీసం మాటయినా తగలాలి.

"మా ఆయన చెవులు మీరే తీశారు," అంది.

అతను ముందుకి వంగాడు. "ఏంటమ్మా? మళ్ళీ చెప్పు!"

"మా ఆయన చెవులు. మీరే. తీశారు."

"చెవులా? నావా?"

"మా ఆయనవి!" అని అరిచింది. "ఇదే కారు! ఈ బానెట్ కిందే ఆయన తల! మీరు బటన్ నొక్కారు! నొక్కి నవ్వారు!"

వీధి వీధంతా పని ఆపేసింది. అందరికీ అర్థమైంది, ఒక్క ఆయనకి తప్ప. ఆమె తన చెవి చూపించి, రిమోట్ చూపించి, బానెట్ కిందికి తల వంచి చూపించి, చివరికి ఆయన గుండె మీద వేలుతో పొడిచింది. మూడోసారి చెప్పేటప్పటికి మాటలు విడివిడిగా, నెమ్మదిగా, చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు వచ్చాయి.

మేనేజరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఎలక్ట్రీషియన్ భార్యవా నువ్వు?" అన్నాడు. చెవిటివాళ్ళకి గుసగుస రాదు. అతను మెల్లగా అనుకుని అన్నదే ఏడు షెడ్లకీ వినిపించింది. "నవ్వాను. అది నిజమమ్మా. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. కానీ నొక్కింది నేను కాదు. తాళాలు షెడ్డులో ఇచ్చేసి టీకి వెళ్ళాను. సైరన్ విని పరిగెత్తుకొచ్చాను. తాళాలు మీ ఆయన తమ్ముడి చేతిలో ఉన్నాయి."

ఆమె రిమోట్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"మీ ఆయన చెవి పట్టుకుని పైకి లేచాడు. ముందు తమ్ముణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా మీదకొచ్చి కాలరు పట్టుకున్నాడు. 'నువ్వే నొక్కావు' అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. అందుకే ఈ షెడ్డుకి మళ్ళీ రాలేదు. ఇప్పుడు వేరే దిక్కు లేక వచ్చాను."

పక్క షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. తిరిగి చూసింది. మరిది తలుపు రేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

అబద్ధమని ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అంటే నమ్మడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

"అన్న చెప్పొద్దన్నాడు వదినా," అన్నాడు మరిది రేకుతో చెబుతున్నట్టు. "సరదాగా నొక్కాను. ఉలిక్కిపడతాడు, తిడతాడు, అంతే అనుకున్నా. 'మీ వదినకి తెలిస్తే నీ ఇంట్లో మెతుకు ముట్టదు, ఇల్లు రెండవుతుంది' అన్నాడు."



ఆమె వెనక్కి తిరిగి పనిలో పడింది. రెండు బోల్టులు విప్పి సైరన్ బయటికి తీసింది. బల్ల మీద పెట్టి, రంపపు బ్లేడుతో అతుకు వెంట చుట్టూ కోసి మూత లేపింది. లోపల ఉబ్బిన బ్యాటరీలు, వాటి చుట్టూ తుప్పు. శ్రావణంతో పట్టుకుని పీకేసింది. పలకని స్పిరిటుతో, పాత పళ్ళ బ్రష్‌తో రుద్దింది. తినేసిన చోట సన్నటి రాగి తీగ పరిచి టంకం పెట్టింది.  కొత్త బ్యాటరీలు వేసి, మూత జిగురుతో అతికించి, ఆరేదాకా రెండు ఇటుకలు బరువు పెట్టి కూర్చుంది. అంతసేపూ మేనేజరు స్టూలు మీదే ఉన్నాడు. మరిది రేకు మీదే ఉన్నాడు. 

మూడింటికి సైరన్‌ని దాని చోట బిగించింది. స్విచ్ పుల్ల మీద చిన్న క్లిప్పు పెట్టి, "సుత్తీ," అని పిలిచింది. ఎప్పుడూ అలా పిలవలేదు. "ఏమయ్యా" అనేది.

అతను లేచి వచ్చాడు. రిమోట్ అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"టెస్టు చెయ్యాలి. ఎర్ర బటన్ నొక్కితే సైరన్ మోగుతుంది. నేను చెప్పినప్పుడు నొక్కు."

తర్వాత ఆమె బానెట్ కిందికి వంగింది. లోపల వేడిగా ఉంది. నూనె వాసన, కాలిన టంకం వాసన. చెవిని సైరన్ మూతికి ఆనించింది. కొత్త జిగురు చెంపకి చల్లగా తగిలింది.

"నొక్కు," అంది.

"వదినా, తల తియ్యి."

"మోగుతుందో లేదో చూడకుండా బండి ఎలా ఇస్తాం? నొక్కవయ్యా."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. తల తియ్యి."

"నాకేం తొందరలేదు."

అక్కడి నుంచి ఆమెకి అతని చెప్పులే కనపడుతున్నాయి. వాటి మీద తెల్లగా పుట్టీ పొడి. ఒక చెప్పు వెనక్కి జరిగింది, మళ్ళీ ముందుకొచ్చింది. మేనేజరు స్టూలు కిర్రుమంది. "ఏం జరుగుతోంది? ఎవరైనా చెప్పండయ్యా!" అన్నాడు.   ఆమె నడుము లాగుతోంది. అయినా కదల్లేదు.

చాలాసేపయ్యాక చెప్పులు కనపడలేదు. మోకాళ్ళు కనపడ్డాయి. నేల మీద కూలబడ్డాడు. రిమోట్ పట్టుకున్న పిడికిలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు, అది తనంతట తానే నొక్కేస్తుందేమో అన్నట్టు. ఏడుస్తున్నాడు.

"ఆ రోజు," అంది ఆమె తల తియ్యకుండానే, "ఇంతసేపు ఆలోచించావా?"

టిక్కమ్మ. వయసు అరవై. ఉంటున్నది షెడ్డు మీది గదిలో, ఒక్కదాన్నే. పొయ్యి వేరు.